అద్దం వెనక భూదవ్వ

పనిమనిషి భూదవ్వ ఆ రోజు కూడా నిలువుటద్దం వెనక నిలబడి, చెయ్యి మాత్రం ముందుకు చాచి, గుడ్డతో తడుముకుంటూ తుడిచింది. పెనిమిటి పోయిన నాటి నుంచి ఆమె అద్దంలో ముఖం చూసుకోలేదు. విధవ చూసుకుంటే ఇంటికి కీడని అత్త చెప్పింది. తుడవడం అయ్యాక చట్రాన్ని మెల్లగా వంచి, "కనిపిస్తుందా దొరసాని?" అని అడిగింది.

"ఇంక జర... ఆఁ, చాలు. యాపకొమ్మ వచ్చింది."

ఎల్లారెడ్డి ఊళ్లో ఆ ఇంటి దొరసాని రుక్మాబాయికి పక్షవాతం వచ్చి మూడేళ్లు. తలాపున కిటికీ ఉన్నా తల తిప్పే శక్తి లేదు. కాళ్ల దిక్కున, ఆ కిటికీ కనిపించేలా పెట్టిన అద్దమే ఆమెకు వాకిలి. పొద్దున కొంచెం పైకి వంచితే ఆకాశం, మాపటికి కిందికి వంచితే ఇంటికొచ్చే బర్రెలు.

అయితే అద్దాన్ని పట్టి ఉంచే మర అరిగిపోయింది. పాత పేలిక మడిచి సందులో దోపితేనే నిలిచేది. మొన్న అదీ జారి, అద్దం మంచం మీదికి ఊగింది. దొర భయపడ్డాడు.

"కామారెడ్డి నుంచి మిస్త్రీని పిలిపిస్తున్న. బాగైతే సరి. లేకుంటే కొట్టంల పెట్టిస్త" అన్నాడు.

మిస్త్రీ వచ్చేది ఈ రోజే. భూదవ్వ చెవులు బస్సు చప్పుడు మీదే ఉన్నాయి. పొయ్యి మీద జావ అడుగంటింది. అద్దం పోతే దొరసానికి ఎదురుగా గోడ ఒక్కటే మిగులుతుంది.

మధ్యాహ్నం యాకూబు మిస్త్రీ వచ్చాడు. ఇత్తడి మర ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఏంది, వాసన జూస్తున్నవా?" అంది భూదవ్వ.

"కండ్లు సరిగ కానొస్తలేవు అవ్వా. ముక్కుతోటే పని నడిపిస్తున్న" అని నవ్వాడు. పని చేస్తూనే చెప్పుకొచ్చాడు. "మా తాత కాలంల అన్నీ చేతద్దాలే. మొఖం కానొస్తే కుచ్చిళ్లు కానరాకపోయేటివి. మనిషంత అద్దాలు వచ్చినంక గోడకు కొట్టిండ్రు. అండ్ల తలన్న తప్పిపాయె, కాళ్లన్న తప్పిపాయె. గప్పుడు రెండు గుంజలు నిలబెట్టి, నడుం కాడ పట్టి ఏలాడదీసిండ్రు. గింత బరువు, ఏలు పెడితె వంగుతది."

కొత్త మర బిగించి, లోపల తోలుబిళ్ల వేశాడు. అద్దాన్ని వంచి చేతులు తీసేశాడు. ముగ్గురూ చూస్తూ ఉండిపోయారు. అది కదలలేదు.

మిస్త్రీ పాత పేలికను బయట పారేయబోతుంటే, "ఉండనియ్యన్నా" అని భూదవ్వ తీసుకుని కిటికీ మీద పెట్టింది.

మిస్త్రీ వెళ్లాక రుక్మాబాయి పిలిచింది. "ముంగటికి రావే."

"వద్దు దొరసాని. మొగడు సచ్చినదాన్ని. ఇంటికి కీడు."

"నీ మొఖం నేను రోజు జూస్తలేనా? నాకైతలేని కీడు అద్దానికైతదా? మొఖమిచ్చిన దేవుడు జూడొద్దంటడా?"

భూదవ్వ లోలోపల దేవునికి దండం పెట్టుకుని, మంచం పట్టె మీద కూర్చుని తలెత్తి అద్దంలోకి చూసింది. నెరిసిన జుట్టు, లోపలికి పోయిన బుగ్గలు.

"మా అవ్వ కూసున్నట్టే ఉంది" అంది.

"నాకంటె ముసలిదానివైనవే!" రుక్మాబాయి వంకర మూతితో నవ్వింది.

సాయంత్రం భూదవ్వ అద్దాన్ని కిందికి వంచింది, ఈసారి ముందు నిలబడి. బర్రెలు దుమ్ము రేపుకుంటూ వచ్చాయి. "అన్నీ వచ్చినయ్" అంది రుక్మాబాయి. భూదవ్వ దీపం వెలిగించి వచ్చేసరికి ఆమె కళ్లు అద్దం మీదే ఉన్నాయి. ఊపిరి లేదు.

భూదవ్వ దీపం దింపి దొరను కేకేసింది. తాను అద్దంలో చూసుకున్నందుకేనా ఈ కీడు? దొర వచ్చి భార్య కళ్లు మూశాడు. ఆ ముఖంలో మూడేళ్ల బాధ లేదు. మధ్యాహ్నపు వంకర నవ్వే ఉంది.

"సుఖంగ పోయింది" అన్నాడు దొర.

ఇట్లాంటి చావును దేవుడు కీడుగా పంపడని భూదవ్వకు అనిపించింది. గుండె మీద బరువు దిగింది. ఏడుపు అప్పుడొచ్చింది.

అద్దం వంచినచోటే నిలబడి ఉంది. కిటికీ మీద, ఇంకా మడత విప్పుకోని పాత పేలిక.