ఆరు ప్రార్థనల సేపు

“కడుగుడే గదనే, గదేమన్న పనా?”

దావీదు ఆ మాట అన్నప్పుడల్లా మణెమ్మ ఏదో ఒకటి కడుగుతూనే ఉంటుంది. పొద్దున గిన్నెలు, తర్వాత అత్త బుచ్చమ్మ చీరలు, పది గంటలకల్లా షెడ్డులో ఇంజను సామాన్లు. గిన్నెలకు బూడిద, సామాన్లకు కిరసనాయిలు, అంతే తేడా. సూర్యాపేటలో హైవే పక్కన, ఇంటి ముందే దావీదు మెకానిక్ షెడ్డు పెట్టి పదకొండేళ్లు. పెళ్లయీ అన్నేళ్లే. షెడ్డులో పనివాడు లేడేమని ఎవరైనా అడిగితే దావీదు నవ్వి, “మా ఆడది ఉన్నది గదా” అంటాడు. అదేదో మెచ్చుకోలనుకుని మొదటి రెండేళ్లు మణెమ్మ మురిసిపోయింది కూడా. ఎంత పిచ్చిదో!

కిరసనాయిలు వాసన ఒక పట్టాన వదలదు. సబ్బుతో తోమి, నిమ్మచెక్కతో రుద్దుకుని వడ్డించినా బుచ్చమ్మ మొదటి ముద్దకే మొహం ముడుస్తుంది. “బువ్వ తింటున్ననా, గ్యాసునూనె తాగుతున్ననా?” ఆదివారం చర్చిలో చాప మీద పక్కన కూర్చున్న ఆడవాళ్లు మెల్లగా జానెడు జరుగుతారు. దేవుడొక్కడే జరగడు, ఆయనకు వేరే చోటు లేక కావచ్చు అనుకునేది మణెమ్మ. అన్నేళ్లు ఇనుము కడిగిన వేళ్లకు కళ్లొచ్చాయి. ఏ బేరింగు అరిగిందో, ఏ వాల్వు వంగిందో తడిమి చెప్పగలదు. చెబితే దావీదు, “నీకేం ఎరుక, నువ్వు కడుగు” అంటాడు. కాసేపాగి అదే మాటను బండి ఓనరుకు గొంతు సవరించుకుని మరీ చెబుతాడు. పోనీలే, ఎవరు చెప్తేనేం, బండి నడుస్తోంది కదా అని సర్దుకునేది. సర్దుకోవడం కూడా ఒక చాకిరీ అని అప్పటికి ఆమెకు తెలియదు.

తొంభై ఆరు ఎండాకాలంలో మిర్యాలగూడ రైస్‌మిల్లు పాపయ్య తన తెల్ల కాంటెస్సా కారు తీసుకుని వచ్చాడు. మునగాల దగ్గర కోదాడ కాంట్రాక్టరొకడు ఆయన బండిని దాటిపోతూ చెయ్యి ఊపాడట. ఆ చెయ్యి ఊపడం ఆయన కడుపులో ముల్లులా ఉండిపోయింది.

“మేస్త్రీ, ఏమన్న చెయ్. గా కోదాడోని బండి నా అద్దంల కనపడాలె గని, నా ముంగట కనపడొద్దు.”

దావీదు పెళ్లికి ముందు విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చినవాడు. రెండు రోజులు అక్కడికి వెళ్లి పాతదే అయినా బాగున్న టర్బో ఒకటి పట్టుకొచ్చాడు. నేల మీద సుద్దతో బొమ్మ గీసి పాపయ్యకు విడమరిచి చెప్పాడు. మణెమ్మకు ఎవరూ చెప్పలేదు. దాన్ని విప్పి కడుగుతుంటే ఆమెకే అర్థమైంది. ఒకే కడ్డీకి అటొక చిన్న ఫ్యాను, ఇటొక చిన్న ఫ్యాను. ఇంజను వదిలే పొగ ఒకదాన్ని తిప్పుతుంది. దాంతో రెండోది తిరిగి ఇంజనులోకి గాలి కూరుతుంది. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ కాలుతుంది, బండికి అంత బలం. ఊరికే పోయే పొగలో ఇంత బలముందా అని ఆమె కాసేపు ఆ ఫ్యాన్లను ఊది తిప్పుతూ కూర్చుంది.

పదిహేను రోజులు పట్టింది. దావీదు గొట్టాలు కోసి, వంచి, వెల్డింగు చేయించాడు. డీజిల్ పంపు స్క్రూ తిప్పాడు, సైలెన్సరు వెడల్పు చేశాడు. నూనె గొట్టాలకు వేసే రాగి వాషర్లను మణెమ్మ వంట పొయ్యి మీద ఎర్రగా కాల్చి, నీళ్లలో వేసి మెత్తబరిచింది. ఆ పూట కూర ఆలస్యమైందని బుచ్చమ్మ తిట్టిన తిట్లు వేరే. చివరకు బండి కదిలిందా, ఈల వేసుకుంటూ పోయింది! పాపయ్య కోదాడ దాకా వెళ్లి వచ్చి, షెడ్డు ముందు దుమ్ము లేపి ఆగి, తాళం ఠక్కున తిప్పి దిగాడు. బానెట్ ఎత్తితే, షెడ్డు నీడలో టర్బో నిప్పు కణికలా ఎర్రగా ఉంది. అందరూ దావీదు భుజం తట్టారు. మణెమ్మ ఆ ఎరుపును చూస్తూ నిలబడింది.

పదిహేను రోజులు తిరగకుండానే బండి నీలం పొగ కక్కుతూ వచ్చింది. విప్పితే టర్బో కడ్డీ బిగుసుకుపోయి ఉంది. పాపయ్య కోపంతో ఊగిపోతున్నాడు. అప్పుడే మణెమ్మ చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చింది.

“నా పనిల తప్పు లేదు సేటు,” అన్నాడు దావీదు. “మా ఆడది సక్కగ కడగలే. లోపల మట్టి ఉండిపోయింది.”

“ఆడోళ్లతోని గివన్ని చేయిస్తే గిట్లనే అయితది. ఇంకొక్కసారి చూస్త మేస్త్రీ. మళ్ల ఖరాబైతే మిర్యాలగూడ మిల్లోళ్లెవ్వరు నీ షెడ్డు మొఖం చూడరు, చెప్తున్న.”

మణెమ్మకు ముందు సిగ్గేసింది, నిజంగానే తప్పు చేసినట్టు. చాయ్ ఇచ్చి, వంటింట్లోకి వచ్చి గోడకానుకున్నాక కోపం వచ్చింది. ఎలాంటి కోపమంటే, పదకొండేళ్ల నుంచి ఎక్కడుందో తెలియని కోపం. ఇంజను నడిస్తే దావీదు చెయ్యి, ఆగితే నా చెయ్యా?

మధ్యాహ్నం ఆ కడ్డీని కడగడానికి కూర్చుంది. లోపలికి మట్టి పోయి ఉంటే కడ్డీ మీద గీతలు పడాలి. ఒక్క గీత లేదు. నల్లగా, గట్టిగా ఏదో పేరుకుని ఉంది. గోటితో గీకింది. గీకగానే వేలికి తెలిసిపోయింది. ఈ గట్టిదనంతో ఆమెకు చిన్నప్పటి నుంచీ పరిచయం. అడుగంటిన గిన్నెకు పట్టే మాడు ఇది! నీళ్లు ఇంకిపోయి, కింద మంట మిగిలితే మాడుతుంది. ఇక్కడ ఇంకిపోయిందేమిటి? నూనె. బండి ఊపిరాడకుండా ఉరికి రాగానే ఇంజను ఆపితే నూనె పారడం ఆగిపోతుంది. టర్బో మాత్రం ఎర్రగా కాలుతూనే ఉంటుంది. లోపలున్న కాస్త నూనె మాడి బొగ్గవుతుంది.

“గిది మట్టి కాదయ్యా, మాడింది. ఉరికొచ్చినంక బండి జరసేపు అట్లనే నడవాలె, ఎంటనే బంద్ జేయొద్దు.”

“డీజిల్ నీ అయ్య పోస్తడా? వంటింటి ముచ్చట్లు గీడికి తేకు.”

రెండో టర్బో వచ్చింది, అదీ పాతదే. పళ్లెంలో పెట్టి, కిరసనాయిలు డబ్బా పక్కన ఉంచి దావీదు పిలిచాడు. మణెమ్మ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

“నేను కడగ.”

అంత చిన్న మాటకు ఇల్లంతా అల్లకల్లోలమైంది. “మొగని మాట ఇననిది అదేం ఆడదే!” అని బుచ్చమ్మ వాడ వినేలా అరిచింది. దావీదు పౌరుషానికి పోయి తానే కడగడానికి కూర్చున్నాడు. లోపల నూనె పారే సందు ఆవగింజంత. మణెమ్మ చీపురుపుల్ల కొసకు పేలిక చుట్టి దాన్ని శుభ్రం చేసేది. అతని మొద్దు వేళ్లకు పుల్లలు విరగడమే గాని సందు తెరుచుకోలేదు. రెండో రోజు సాయంత్రానికి చేతులు బొబ్బలెక్కి వచ్చి గడప ముందు నిలబడ్డాడు.

“ఏం గావాలె నీకు?”

“బండ్ల నేను గూడ వస్త. ఎప్పుడు బంద్ జేయాల్నో నేను చెప్త. నా మాట తప్పయితే, నాకు కడుగుడు రాదని ఊరంత చెప్పుకో.”

“నిజమైతే?”

“నాకొక పేరున్నది. దాంతోని పిలువు.”

దావీదు ఒప్పుకున్నాక ఆమె ఆ సందు శుభ్రం చేసి ఇచ్చింది, అతను టర్బో బిగించాడు. అలా మణెమ్మ, పదకొండేళ్లుగా తాను కడిగే బండ్లలో ఒకదాని వెనక సీట్లో, మొదటిసారి కూర్చుంది. పాపయ్య నడుపుతున్నాడు, పక్కన దావీదు. సూర్యాపేట దాటగానే ఈల మొదలైంది. వీపు సీటుకు అతుక్కుపోయింది, చెట్లు వెనక్కి పారిపోయాయి. లారీలను ఒక్కొక్కటిగా దాటేస్తుంటే ఆమె చిన్నపిల్లలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అమ్మో, ఇంత సుఖమా ఇది! ఇన్నాళ్లూ వీళ్లు దీన్ని పని అని చెప్పారా!

కోదాడలో చాయ్ హోటల్ ముందు ఆగారు. పాపయ్య చెయ్యి తాళం మీదికి పోయింది.

“ఆపకుండ్రి సేటూ! పొయ్యి ఆర్పినంక గూడ పెనం కాలుతనే ఉంటది గదా. దీనికి గూడ జర చల్లారేదాంక నూనె పారాలె.”

పాపయ్య దావీదు వైపు చూశాడు. దావీదు గాలిలోకి చూశాడు. “సరే, నువ్వే కూసొని ఆపుకో” అన్నాడు పాపయ్య. నవ్వుకుంటూ ఇద్దరూ చాయ్‌కి వెళ్లారు. హోటలతను బయటికొచ్చి, “ఏమ్మా, బండి ఆపరా ఏంటి? పొగంతా లోపలికొచ్చేస్తోంది” అన్నాడు. “జర ఓర్చుకో అన్నా” అని మణెమ్మ బానెట్ ఎత్తింది. టర్బో ఎర్రగా ఉంది. చేతికి గడియారం లేదు. పెదవులు కదలకుండా, ఆదివారాలు చర్చిలో చెప్పే పరలోక ప్రార్థన మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడోసారికి ఎరుపు మసకబారింది. ఆరోసారి ఆమెన్ అనేసరికి నల్లబడింది. అప్పుడు ముందు సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇన్నేళ్లలో ఇంతసేపు తాను ఇంకేం చేయకుండా ఒక్కచోట ఉన్న గుర్తు లేదామెకు. వేడివేడిగా ఉరికి వచ్చిన మనిషిని అలాగే ఇంకో పనిలోకి నెట్టడమే గాని, జర ఆగవే అన్నవాళ్లు లేరు.

నెల గడిచింది. రోజూ పాపయ్య బండిని ఆరు ప్రార్థనలు ఆగాకే ఆపుతున్నాడు. ఆయన మాటల్లో అయితే మూడు నిమిషాలు. కాంట్రాక్టరుకు రెండుసార్లు చెయ్యి ఊపాడట కూడా. ఒక శనివారం పొద్దున, ఎందుకైనా మంచిదని విప్పి చూపించమన్నాడు. దావీదు విప్పాడు. కడ్డీ వెండి గొలుసులా తళతళలాడుతోంది. దావీదు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, తుడవడానికి మసి గుడ్డ తీసి, తుడిచేదేమీ లేక మళ్లీ భుజాన వేసుకున్నాడు.

“మొదటిదాంట్ల మట్టి లేకుండె సేటూ. ఎంటనే బంద్ జేస్తే మాడిపోయింది. గది కనుక్కున్నది నేను గాదు,” అన్నాడు తలెత్తకుండా. “మణెమ్మ.”

పదకొండేళ్లకు! మణెమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. కిరసనాయిలు చేతులతో తుడుచుకుంటే మండుతాయని అలాగే వదిలేసింది.

బండి బిగించి, ఆమెనూ ఎక్కించుకుని జనగాం రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకొచ్చారు. మగవాళ్లిద్దరూ దిగారు. మణెమ్మ ముందు సీట్లోకి మారి, ఆరు ప్రార్థనలు లెక్కపెట్టి, తాళం తిప్పింది. ఈల ఆగింది. ఇంట్లోంచి బుచ్చమ్మ కేక వినిపించింది. “సేటు కూసున్నడు, చాయ్ పెట్టవేందే?”

మణెమ్మ కదల్లేదు. దావీదు వచ్చి అద్దం దగ్గర వంగాడు.

“మణెమ్మా, బండి బంద్ అయింది గదా. ఇంక దిగవేంది?”

“దాని ఆరు అయిపోయినయ్,” అంది మణెమ్మ, సీటుకు వెనక్కి వాలి కళ్లు మూసుకుంటూ. “ఇప్పుడు నాయి మొదలువెట్టిన. చాయ్ నువ్వు పెట్టు.”