ప్రొఫైల్ ఫైల్లో శ్రీరామ

ఎనభై ఎనిమిది వేసవిలో, కాయ దిగే రోజుల్లో, నూజివీడు మామిడి రైతుల సంఘం కంప్యూటర్లోకి ఎవరు లాగిన్ అయినా, శ్రీరామ అన్న కమాండు దొరకలేదని ఇంగ్లీషులో పడుతోంది. మెషీన్ పాడైందని మేనేజరు బెజవాడ నుంచి ఇంజనీరు ప్రభాకర్‌ని పిలిపించాడు.

టైపు చేసిన కమాండ్లు అందుకుని నడిపే యూనిక్స్ షెల్లు, మొదలవగానే చదివే ప్రొఫైల్ ఫైలు తెరిచి, "ఎవరిదండీ ఈ తెలివి?" అన్నాడు ప్రభాకర్.

"నేనేనండీ," అన్నాడు గుమాస్తా సోమయాజులు. "మేనేజరుగారు అందులో మార్పు చేయమన్నారు. ఏది రాసినా పైన శ్రీరామ రాయడం అలవాటు."

"ఇదేమన్నా శుభలేఖా? షెల్లు ప్రతి లైనూ కమాండే అనుకుంటుంది."

"లైను ముందు హ్యాష్ గుర్తు పెడితే షెల్లు చదవకుండా వదిలేస్తుందటగా? అలా ఉంచకూడదా అండీ?"

"మెషీన్ చదవని ముక్క ఎవరికి? పూజలు ఇంట్లో చేసుకోండి. ఇకమీద మీ షెల్లు మైనస్ ఆర్ ఆప్షన్‌తో మొదలవుతుంది. మీ డైరెక్టరీ దాటి కదల్లేరు, నేనిచ్చిన కమాండ్లు తప్ప ఏదీ నడపలేరు."

మేనేజరు తలూపాడు. సోమయాజులు కష్టపడి నేర్చుకున్న పని చేజారిపోతోంది.

ప్రభాకర్ ఆ లైను చెరిపేశాడు, ఆర్ తగిలించాడు. రిపోర్టు రాయడానికి కాగితం తీసి, పైన నడిమధ్య "శ్రీ" అని రాసి తేదీ వేశాడు.

"అదెవరు చదవాలండీ?" సోమయాజులు మెల్లగా అడిగాడు.

ప్రభాకర్ చెవులు ఎర్రబడ్డాయి.

"మైనస్ ఆర్ తీసేది లేదు," అన్నాడు తల ఎత్తకుండానే.