మ్యాపులో లేని వైపు

గురువారం సాయంత్రం టీ ఒక వారం ఎవ్రిల్ ఇంట్లో, ఒక వారం మెర్లీన్ ఇంట్లో. తమ పిల్లలు బళ్లో చేరిన ఏడాది ఈ స్నేహితురాళ్లు మొదలుపెట్టిన ఆనవాయితీ అది. ఆ పిల్లలకు ఇప్పుడు బట్టతలలు కూడా వచ్చాయి. ఈ ఏడాదే వంతు తప్పింది. "మా ఇంటికే వచ్చెయ్యవే, ఇక్కడైతే ప్రశాంతంగా ఉంటుంది" అని మెర్లీన్ వారం వారం ఫోన్ చేస్తోంది. ప్రేమగానే అంటుంది. కానీ ఆ ప్రశాంతమన్న మాట ఎవ్రిల్‌కు ముల్లులా గుచ్చుకుంటుంది.

మెర్లీన్‌ది మెడ్లర్ వీధి. చలికాలంలో ఊరి కౌన్సిల్ వాళ్లు ఆ వీధి మొగలో పెద్ద పెద్ద చెక్క పూలతొట్లు అడ్డంగా పెట్టించారు. మనుషులు నడవచ్చు, సైకిళ్లు పోవచ్చు, కార్లు మాత్రం దూరలేవు. అంతవరకూ ఆ వీధిని అడ్డదారిగా వాడుకున్న కార్లన్నీ ఇప్పుడు ఎవ్రిల్ ఉండే గోస్లింగ్ రోడ్డు మీద బారులు తీరుతున్నాయి. ఎవ్రిల్ భర్త క్లిఫర్డ్‌ది ఊపిరితిత్తుల జబ్బు. మెట్లెక్కలేక రోడ్డువైపు ముందుగదిలోనే మంచం వేసుకున్నాడు. కిటికీ తెరిస్తే పొగ, మూస్తే ఉక్క.

అయినా ఎవ్రిల్ నోరెత్తలేదు. ఎత్తడానికి మొహమేది? ఆ తొట్లు కావాలని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది తనే కదా.

మెర్లీన్ తుంటి విరిగినప్పటి సంగతి అది. అడ్డదారిన దూసుకొచ్చిన వ్యాను ఒకటి ఆమెను సొంత గుమ్మం ముందే పడగొట్టిపోయింది. ఆస్పత్రి మంచం పక్కన కూర్చున్నన్నాళ్లూ ఎవ్రిల్ లోలోపల ఉడికిపోయింది. తర్వాత గొడుగు వేసుకుని, ముసురులో గడప గడపా ఎక్కి, "రేపు మీ పిల్లకే జరిగితే?" అని నిలదీసింది. ఆ కార్లు మరి ఎటు పోతాయని ఏ ఒక్కరూ అడగలేదు. తనకూ తోచలేదు.

తొట్లను కొన్నాళ్లు ప్రయోగంగానే పెట్టారు. ఆ గడువు ఇప్పుడు ముగిసింది. తొట్లు ఉంచాలా, తీసెయ్యాలా చెప్పమని కౌన్సిల్ జనాన్ని చర్చి హాలుకు పిలిచింది. మెర్లీన్‌కు ఉత్తరం వచ్చింది. ఎవ్రిల్‌కు రాలేదు.

"నీకు రాకపోవడమేమిటే, విడ్డూరం!" అంది మెర్లీన్ అల్లం కేకు కోస్తూ. "పోస్టువాడు మింగేశాడేమో. ఏమైనా సరే శనివారం నువ్వు నా పక్కన నిలబడాలి. ఇదంతా నీ చలవే కదా."

కిటికీ బార్లా తెరిచి ఉంది. వీధి మధ్యలో మెర్లీన్ మనవరాలు సైకిలు గంట కొట్టుకుంటూ గుండ్రంగా తిరుగుతోంది. ఎవ్రిల్ చెబుదామనుకున్న మాటను టీతో పాటు మింగేసింది.

ఇంటికి రాగానే క్లిఫర్డ్ అడిగాడు. "ఏమంటోంది మీ మహారాణి? చెప్పావా?"

"ఏం చెప్పమంటావు? నేను తవ్విన గోతిలో మనమే పడ్డామనా?"

అతను ఊపిరి అందుకోవడానికి కాసేపు ఆగాడు. "తవ్వావని నేనేం అనడం లేదోయ్. గోతిలో ఉన్నామని ఒక్క కేకైనా వెయ్యవేం?"

శనివారం హాలులో బల్ల నిండా మ్యాపు పరిచారు. పక్కన పళ్లెంలో బొట్టుబిళ్లలంత కాగితపు చుక్కలు. మేలు జరిగినచోట ఆకుపచ్చది, ఇబ్బంది ఉన్నచోట ఎర్రది అంటించాలి. మెడ్లర్ వీధి అప్పటికే పచ్చబడింది. ఎవ్రిల్ ఎర్రచుక్క ఒకటి వేలికి అంటించుకుని తన ఇల్లు వెతికింది. గోస్లింగ్ రోడ్డు మ్యాపు చివర ఉంది. రోడ్డుకు అవతలి వైపు ఇళ్లున్నాయి. తన వైపు వచ్చేసరికి కాగితం అయిపోయి బల్లగుడ్డ మొదలైంది.

మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న కుర్ర ఉద్యోగి మర్యాదగానే చెప్పాడు. "రోడ్డు మధ్యవరకే మా వార్డండీ. మీ వైపు పక్క వార్డులోకి వస్తుంది. అందుకే ఉత్తరాలు కూడా అటు వెయ్యలేదు."

"ఆ సంగతి కార్లకు చెప్పారా నాయనా?"

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కుర్రవాడు మెడ గోక్కున్నాడు. "మీకు అభ్యంతరం ఉంటే ఆ ఎర్రది తొట్ల మీద అంటించండి మేడమ్. అప్పుడు లెక్కలోకి వస్తుంది."

ఎవ్రిల్ చెయ్యి తొట్ల గుర్తు మీదికి వెళ్లింది. పక్కనే చేతికర్ర ఆనుకుని నిలబడ్డ మెర్లీన్ ఆ వేలి చివరి రంగు అప్పుడు చూసింది.

"ఎవ్రిల్?"

ఆ ఒక్క పిలుపుకు చెయ్యి ఆగిపోయింది. తొట్లు పోవాలని తనకు లేదు. ఆ సైకిలు గంట ఆగిపోవాలనీ లేదు. చెయ్యి వెనక్కి లాక్కుని, మ్యాపు దాటించి, తన ఇల్లు ఉండవలసిన చోట బల్లగుడ్డ మీద ఎర్రచుక్క నొక్కి అంటించింది.

"అది మ్యాపు మీద లేదు మేడమ్."

"అవును బాబూ. మా ఇల్లు ఉన్నది అక్కడే."

మెర్లీన్ గొంతు తగ్గించింది. "ఎన్నాళ్ల నుంచే?"

"తొట్లు పెట్టినప్పటి నుంచి. ముందుగది కిటికీ తెరవడం లేదు."

"మరి నాకు చెప్పలేదే?"

"ఎలా చెప్పను? నీ తుంటి విరిగిందని నేనే కదా వీధులు పట్టి తిరిగి..."

"నా తుంటికి బదులు నీ మొగుడి ఊపిరి ఇమ్మని నిన్ను అడిగానా? వారం వారం నా కేకు తింటూ, నా మొహం చూస్తూ కూర్చున్నావు. పరాయిదాన్ని చేశావే నన్ను!" మెర్లీన్ కర్ర టకటకలాడించుకుంటూ బయటికి వెళ్లిపోయింది.

మరుసటి గురువారం ఫోన్ రాలేదు. ఎవ్రిల్ రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేసింది. ఆనవాయితీ ప్రకారం అయితే వంతు తనదే. ఎందుకైనా మంచిదని రెండు కప్పులు కడిగి పెట్టింది. ఎదురుచూస్తున్నట్టు క్లిఫర్డ్‌కు కనబడకూడదని వంటింట్లోనే తచ్చాడింది.

తలుపు గంట మోగింది. గుమ్మంలో మెర్లీన్, చంకలో కేకు డబ్బా.

"నీ రోడ్డు దాటేసరికి ఈ కేకు కూడా ముసలిదైపోయిందే" అంటూ నేరుగా ముందుగదిలోకి నడిచి క్లిఫర్డ్ మంచం పక్కన కూలబడింది. "ఆ కిటికీ తియ్యి."

"వద్దే, పొగ..."

"తియ్యమన్నానా! ఇన్నాళ్లూ నేను వినలేదుగా. వినాలి."

ఎవ్రిల్ తీసింది. ఆగి ఉన్న బస్సు గురగుర, వెనక హారన్లు, కాలిన డీజిల్ కంపు ఒక్కసారిగా గదిలోకి వచ్చిపడ్డాయి. మెర్లీన్ ఏదో అంది, వినబడలేదు. మళ్లీ అరిచింది, "చక్కెర!" అని. క్లిఫర్డ్‌కు నవ్వు వచ్చింది, నవ్వు దగ్గులోకి మళ్లింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. మెర్లీన్ కప్పు కింద పెట్టి, కర్ర పట్టుకుని లేచి, తనే వెళ్లి కిటికీ మూసింది.

గది సద్దుమణిగాక నెమ్మదిగా అంది. "తొట్లు తియ్యమని మాత్రం నేను చెప్పలేనే. ఆ వ్యాను చప్పుడు నాకు ఇంకా కలలోకి వస్తుంది."

"నేనూ అడగడం లేదు."

"మ్యాపు పెద్దది చెయ్యమని మాత్రం అడుగుతాను. మీ వైపు ఎన్ని గడపలున్నాయి?"

ఎవ్రిల్ కిటికీ అద్దంలోంచి కదలని కార్ల వరుసను చూస్తూ అడిగింది. "ఇక్కణ్ణుంచి తోలేస్తే ఇవి మళ్లీ ఎవరి కిటికీ కిందికి పోతాయే?"

మెర్లీన్ కూడా అటే చూసింది.

"తెలీదు. ఈసారి వాళ్ల గుమ్మం కూడా ఎక్కుదాం. సంతకం తర్వాత, ముందు కార్లు అటొస్తే వాళ్లకేమవుతుందో అడుగుదాం" అని కేకు డబ్బా మూత తీసింది. "రేపు వానట. అప్పటి గొడుగు ఉందా, పారేశావా?"

ఎవ్రిల్ లేచి మెట్ల కింద అలమర తలుపు తీసింది.