దిమ్మ కింద అరచెయ్యి

ఊళ్ళో ఓడలన్నిటికీ రంగులు పూసే ఆ పెయింటరుకు సొంత గోడలకు సున్నం వేయించాలన్న ధ్యాసే లేదు. వేయిస్తే మాత్రం చూసేదెవరు? భార్య పోయాక ఆ ఇంట్లో నోరు విప్పి మాట్లాడే అవసరమే రాలేదు.

ఆవిడా ఓడలు బాగుచేసే ఆ యార్డులోనే తుప్పు గీకేది. ఒకసారి, పెద్ద ఓడల్ని లాగే ముసలి టగ్గుబోటు అడుక్కి ఎర్రరంగు వేస్తుంటే, "ఇదిగో నా సంతకం" అంటూ తడి రంగులో అరచెయ్యి అద్దింది. ఆయన తిట్టాడు. తిట్టాడే గానీ ఆఖరి పూత ఆ చేతిగుర్తు మీద పడకుండా వదిలేశాడు. టగ్గు మళ్ళీ రిపేరుకొచ్చేసరికి ఆవిడ లేదు.

గట్టెక్కించిన ఓడ బరువంతా చెక్క దిమ్మల మీద ఉంటుంది. దిమ్మ ఆనిన చోట రంగు పడదు. అందుకే ప్రతిసారీ దిమ్మల్ని కాస్త జరుపుతారు. ఈయన మాత్రం దిమ్మల మేస్త్రీని బతిమాలి, ప్రతిసారీ ఆ చేతి కిందికే దిమ్మ వచ్చేలా చూసుకున్నాడు. ఎవరూ దానిమీద రంగు పూయరు. తనకూ కనిపించదనుకోండి, అది వేరే సంగతి. ఉందన్న ధైర్యం చాలు ఆ పిచ్చి మారాజుకి.

ఈసారి టగ్గు అడుగు కారుతూ వచ్చింది. కారేది సరిగ్గా అక్కడే. దిమ్మ లాగించి, ఆయన పాక్కుంటూ కిందికి దూరాడు. చెయ్యి లేదు. తుప్పు పెచ్చులు రాలాయి, వేలు పెడితే రేకు విరిగింది. చుట్టూ ఆయన రంగులు పూసిన అడుగంతా నిక్షేపంలా ఉంది. దాచుకున్న చోటునే ఉప్పునీళ్ళు తినేశాయి. అక్కడే కూర్చుని ఏడ్చాడు. మేస్త్రీకి అప్పుడు చెప్పాడు అసలు సంగతి.

"ముందే చెప్పొచ్చుగా అన్నా?"

"చెప్తే నవ్వేవాడివి."

"నవ్వేవాణ్ణే" అని మేస్త్రీ తల దించుకున్నాడు.

పాత రేకు కోసి కొత్తది అతికారు. ఆయన మొదటి పూత వేశాడు.

"తడిగానే ఉంది. నీ చెయ్యి వేస్తావా?" అన్నాడు మేస్త్రీ.

ఆయన అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. "వద్దులే. ఆరాక ఇంకో పూత పడాలి. వచ్చేసారి దిమ్మ జరుపు."

సాయంత్రం ఇంటికెళ్ళి తాళం తీసి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పోయిందే, నీ సంతకం పోయిందే" అన్నాడు ఖాళీ గదితో.

ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఆయన పైకి అన్న మొదటి మాట అదే.