పన్నెండో క్యాసెట్

మధ్యాహ్నం పన్నెండు దాటినా ఎస్తేరమ్మ శవం లేవలేదు. గుంత తవ్వి చాలాసేపయింది. పాస్టరు ప్రార్థన ముగించి గోడ నీడన కూర్చున్నాడు. వనపర్తి నుంచి తెచ్చిన మంచుగడ్డ సగం కరిగి వాకిలంతా బురదైంది. మహారాష్ట్రలో కాలువ పనిలో ఉన్న ఒక్కగానొక్క కొడుకు ప్రభుదాసు కోసం ఆగారనుకుంటే పొరపాటే. ఆగింది కెమెరా రేణుక కోసం.

ఆమె పాన్‌గల్‌లో బస్సు దిగి రెండు మైళ్లు ఎండలో నడిచి వచ్చింది. భుజాన సంచి కనబడగానే జనం దారి ఇచ్చారు. ప్రభుదాసు లాంటి కూలీలను పనికి తోలుకుపోయే గుంపుమేస్త్రీ వెంకట్రాములు ఆమెకు కుర్చీ వేయించాడు. చావింట్లో దక్కే ఈ మర్యాదంటే రేణుకకు గిట్టదు.

రేణుక లింగాల కూలీల బిడ్డ. వనపర్తిలో ఫోటో స్టూడియో ఊడ్చే పనికి చేరి, ఊడుస్తూనే కెమెరా పట్టడం నేర్చింది. ఆడది పెళ్లి వీడియో తీస్తుందంటే మొదట్లో జనం పెళ్లికొడుకును వదిలేసి ఆమెను చూశారు. పాత కెమెరా ఒకటి సొంతమయ్యాక వలస కూలీల మీద రెండు సినిమాలు తీసింది. తీసిందీ తనే, ముక్కలు అతికిందీ తనే, బడి వాకిట్లో టీవీ పెట్టి చూపిందీ తనే. హైదరాబాదులో ఎవరో పెద్దలు చూసి చప్పట్లు కొట్టారు. ఇంటద్దె మాత్రం ఏ పెద్దమనిషీ కట్టలేదు. మూడో సినిమా కూలీల గుడిసెల్లోనే, వాళ్లు పనిచేసేచోటే తీయాలని ఆమె పట్టుదల. రెండేళ్లుగా ఏ మేస్త్రీ ఆమెను అక్కడ అడుగు పెట్టనివ్వలేదు.

ఇక ఈ చావు క్యాసెట్లు. వాటిని మొదలుపెట్టిన పుణ్యం ఆమెదే. 2001లో శ్రీశైలం అనే ముసలాయన పోతే, దూరాన పనిలో ఉన్న కూతురు అందుకోలేకపోయింది. పాపమనిపించి రేణుక సాగనంపడమంతా టేపు తీసి ఊరికే పంపింది. ఆ కూతురు తండ్రి మొహం చూసుకుని ఏడ్చి, దండాలు చెప్పి పంపింది. మంచి పని చేశానని రేణుక పొంగిపోయింది.

మేస్త్రీలు అందులో వేరే మంచి చూశారు. ఆ తర్వాత తల్లి పోయినా తండ్రి పోయినా కూలీకి సెలవు లేదు. క్యాసెట్ వస్తుంది. సాయంత్రం టీవీ ముందు కూర్చుని ఏడవాలి, పొద్దున్నే గడ్డపార పట్టాలి. మనిషి ఊరికి పోతే నాలుగు రోజుల పని పాడు, క్యాసెట్‌కైతే అయిదు వందలు చాలు. ఆ డబ్బుతోనే రేణుక తన సినిమాకు టేపులు కొనుక్కుంది. ఈ మూడేళ్లలో పదకొండు చావులు తీసింది. తాను చేస్తున్నదేమిటో మూడోదానికే తెలిసింది. తెలిసీ మిగతా ఎనిమిదీ తీసింది.

వెంకట్రాములు ఆమె కుర్చీ దగ్గరికి జరిగి మెల్లగా మాట్లాడాడు. వచ్చే వారం పనిచోటికి లారీ పోతోందట. కూలీల గుడిసెల్లో పది రోజులుండి ఏం కావాలంటే అది తీసుకోవచ్చట.

"నిన్నెవ్వరు ఆపరు. నా జిమ్మ," అని పూచీపడ్డాడు.

రెండేళ్లుగా రేణుక అడుగుతున్నది ఇదే. శవం ముందే సంతోషపడుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా కెమెరా తీసింది. చెక్కపెట్టెలో ఎస్తేరమ్మ, తెల్లబట్ట, గుండెల మీద బైబిలు. తల దగ్గర కోడలు బుజ్జమ్మ కొంగుతో ఈగలు తోలుతోంది. పొద్దున్నుంచీ ఆ చెయ్యి ఆగలేదు.

ప్రభుదాసు ఇప్పుడు బస్సెక్కితే రేపు మధ్యాహ్నానికి వస్తాడు కదా, ఇంకో మంచుగడ్డ తెస్తే సరిపోదా అని రేణుక అడిగింది. మేస్త్రీ కోపపడలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"క్యాసెట్ ఉన్నంక మనిషెందుకు?"

రేణుక కెమెరా దించింది. "నేను తియ్య," అంది.

ఏడుపు వింటే ఆమె మెత్తబడుతుందని మేస్త్రీకి తెలుసు. గొడవ పెట్టుకోకుండా సెల్‌ఫోను తీసి నంబరు నొక్కాడు. ప్రభుదాసును పిలిపించి, ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాడు. అవతల రాళ్లు పగలగొట్టే మిషను హోరు.

"అక్కా, జర మా అమ్మ మొకం మంచిగ కనవడెటట్టు తియ్యక్కా. మా బుజ్జిని గూడ తియ్యి. ఆమెను సూశి ఏడు నెలలాయె."

రేణుక పెట్టెలోని ఎస్తేరమ్మ వైపు చూసింది. తాను తీయకపోతే, ఇతన్నీ పంపకపోతే, ఈ మొహం ఇతనికి ఎప్పటికీ కనబడదు. ఆ పాపం తనదే అవుతుంది. మరొకరి మీదకు తోయడానికి వీల్లేదు.

"తియ్య తమ్మీ. నేను తీస్తే నిన్ను పంపరు. నువ్వే రా. మీ అమ్మకు నువ్వే మట్టియ్యి."

"ఎట్ల రావాలక్కా? పంపరు గద," అని అతను ఏడ్చాడు.

వెంకట్రాములు ఫోను లాక్కున్నాడు. ఇక ఈ తాలూకాలో ఆమె సినిమా ఎట్లా తీస్తుందో చూస్తానన్నాడు. గుంపులోని ఆడవాళ్లు రేణుకనే తిట్టారు. కన్నతల్లి మొహం కొడుక్కు చూపించనిది ఆడదేనా అన్నారు. ఆమె కెమెరా సంచిలో పెట్టేసింది. వాళ్లన్నదాంట్లో అబద్ధమేముంది?

"క్యాసెట్ లేదు, ఏం లేదు. పెట్టె మూత ఎయ్యుండ్రి," అన్నాడు మేస్త్రీ.

ఇద్దరు మూత ఎత్తారు. అప్పుడు ఈగలు తోలుతున్న చెయ్యి ఆగింది. బుజ్జమ్మ రెండు చేతులూ పెట్టె అంచు మీద పెట్టి, వేళ్లు లోపలికి బిగించింది.

"ఎయ్యకుండ్రి. ఆయన వచ్చిందాంక ఎయ్యకుండ్రి."

గట్టిగా అనలేదు. మేస్త్రీ మళ్లీ చెప్పాడు. ఆమె వేళ్లు తీయలేదు. మూత పట్టుకున్న ఇద్దరూ దాన్ని ఎక్కడ దించాలో తెలియక ఎండలో అలాగే నిలబడ్డారు.