పెరటి కొలనిలో పేరంటాలు

కార్తికము కడపటి దినములలో అరకులోయయందు ఉషఃకాలము మంచులోనే పుట్టి మంచులోనే పెరుగుచుండును. కొండల నడుములు కానరాక శిఖరములు మాత్రము పాలసముద్రమున తేలు దీవులవలె నిలిచి, కాఫీతోటలకు నీడనిచ్చు సిల్వర్ ఓక్ చెట్ల యాకులనుండి రాలు హిమబిందువుల చప్పుడు తప్ప వేఱొక ధ్వని లేక, సూర్యుడు సయితము ఎఱుగని యింటికి వచ్చిన చుట్టమువలె గుమ్మముకడ తడబడి నిలుచునట్టి యొక యుదయమున కూర్మనాథము పంతులు తన భార్యయైన మాణిక్యాంబను కోలుపోయెను.

ఆయన ఆ యూరి ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పు ఉపాధ్యాయుడు. ఒక మాట యనుటకు ముందు దానిని రెండుమార్లు తూచి చూచుకొను స్వభావము గలవాడు. ఆనాడు వసారాలో కూర్చుండి విద్యార్థుల వ్యాసములు దిద్దుచుండగా పెరటి కొలను గట్టునుండి మాణిక్యాంబ "ఏవండీ, ఒక్కసారి ఇటు రండి. చూద్దురుగాని" అని పిలిచెను. ఆ కంఠమున భయము లేదు, తొందర లేదు; చిన్న వింత నేదో కనుగొన్న బాలిక గొంతులోని మెఱపు మాత్రమే యుండెను. "వస్తున్నా" అని ఆయన యనెను. చేతిలోని వ్యాసమును ముగించి లేచి పోవునప్పటికి ఆమె గట్టుమీద ప్రక్కకు ఒరిగి యుండెను. గుండె యాగినదని వైద్యుడు చెప్పెను. కొలను మాత్రము ఏమియు చెప్పలేదు.

ఆ కొలను మాణిక్యాంబ ముచ్చట. బచ్చలియు బెండయు పండవలసిన చోట గోయి త్రవ్వించి, రాళ్ళు పేర్చి సిమెంటు పూయించి, మూల నొక చిన్న మోటారు నమర్చి నీరు జలజల పడునట్లు చేసి, విశాఖపట్టణమునుండి నీటి సంచులలో తెప్పించిన కోయి జాతి రంగుచేపలను అందు విడిచి, బిడ్డలు లేని యా యింట వానిని బిడ్డలుగా గాక చుట్టములుగా నెంచి ఆమె మర్యాద చేయుచుండెడిది. వానిలో పెద్దది వెన్నవంటి మేనును నడినెత్తిని గుండ్రని యెఱ్ఱ మచ్చయు గలది. ఆ బొట్టును జూచి దానికి పేరంటాలని పేరిడెను. గట్టురాతిపై ఆమె మట్టెల చప్పుడు వినబడగానే పేరంటాలు మీదికి వచ్చి నోరు తెఱచెడిది. కార్తిక పౌర్ణమి దాటిన పిమ్మట మాత్రము మాణిక్యాంబ మేత మానివేసి "నా చేపలకి శివరాత్రి దాకా ఉపవాసాలండీ. ఈ ఇంట్లో భక్తి లేనిది మీకే" అని యేటేట నవ్వెడిది. కూర్మనాథము ఆ మాటను పరిహాసముగా విని పరిహాసముగానే విడిచెను.

పదవనాడు కొండవాగైన గెడ్డ యొడ్డున పెట్టిన పిండమును కాకి ముట్టలేదు. పోయిన మనిషికి తీఱని కోరిక యేదో యున్నదనియు, దానిని తీర్చెదమని పైకి చెప్పినచో కాకి దిగుననియు చుట్టములు గుసగుసలాడి తోచిన వాగ్దానము లెల్ల చేసిరి. నల్లని రెక్క యొక్కటియు వాలలేదు. పొద్దెక్కుట జూచి పురోహితుడు "ఇంక నీళ్ళల్లో వదిలెయ్యండి పంతులూ. జలచరాలు తిన్నా చేరినట్టే" అనగా కూర్మనాథము పిండమును గెడ్డలో విడిచెను. కాని ఆయన మనస్సున చిక్కు పడెను. ఆమె చూడ రమ్మన్నది. తాను చూడలేదు. చూడవలసిన దేదియో తెలియక దానిని చూచెదనని మాట యిచ్చుట యెట్లు?

మార్గశిరమున తొలి మాసికమునాడు పెరటి గోడపై అరటియాకున పిండము పెట్టి "నీ చేపలను నేను కాపాడుతాను" అని మెల్లగా పలికెను. కాకులు పనసచెట్టుపైనుండి ఆయనను జూచినవే గాని దిగి రాలేదు. ఆమె నీరు ఇచ్చటనే యుండగా గెడ్డదాక పోనేల యని తలచి ఆయన పిండమును కొలనిలో విడిచెను. నువ్వులు నీటిపై పరచుకొనెను. అడుగున కదలక యున్న చేపలు ఒక్కొక్కటిగా లేచెను. అన్నిటికంటె వెనుక పేరంటాలు వచ్చి ఒక్క ముద్ద నోట గొని మునిగెను. భార్య పోయిన పిమ్మట కూర్మనాథము కన్నులు తడియగుట అదియే ప్రథమము.

మఱునాటినుండి తన యన్నములో పిడికెడు కొలనికి చేర్చుట నిత్యకృత్యమయ్యెను. అవి తినుచున్నవో లేదో మంచులో తెలియరాకుండెను. పుష్యమాసము వచ్చునప్పటికి గడ్డిపై మంచు ఉప్పు చల్లినట్లు తెల్లనై, కొలని నీరు కడుగునీరువలె మసకబాఱి దుర్వాసన పుట్టెను. ఒక యుదయమున రెండు చేపలు వెల్లకిల తేలియుండెను. పేరంటాలు అడుగున ప్రక్కకు ఒరిగి పడియుండెను. ఆ యొరిగిన తీరు ఆయన యింతకు మునుపు ఒకమారు చూచినదే.

ఆ నాడే రెండవ మాసికమునకై విజయనగరమునుండి మాణిక్యాంబ చెల్లెలు కనకాంబ వచ్చెను. ఆమె నోటికి గడియ లేదని బంధువులందురు. దుఃఖము కలిగినపుడు ఆ తలుపు మఱింత బార్లగా తెఱచుకొనును. సంచి దింపకయే కొలనికడకు పోయి ముక్కుపై కొంగు వేసికొనెను.

"ఇదేవిటి బావగారూ, కొలనా కుడితిగోళెమా? ఏం పోస్తున్నారిందులో?"

"అన్నము. దినమునకు పిడికెడు."

"పుస్తకం మూసేసి మనుషుల్లా మాట్లాడండి. చలికాలంలో అన్నమా? ఉపవాసాలని అక్క చెప్పేది కాదూ?"

"అది హాస్యమనుకున్నాను."

"చలికి వాటి కడుపు పని చెయ్యదండీ. తిన్నది లోపల కుళ్ళుతుంది, తిననిది నీళ్ళల్లో కుళ్ళుతుంది. అక్క దాన్నే ముద్దుగా చెప్పేది. బళ్ళో పిల్లల చేత పద్యానికి తాత్పర్యం రాయిస్తారు కదా. ఇంట్లో మనిషి మాటకి ఎప్పుడూ అడగలేదా?"

కూర్మనాథము తేలియున్న చేపలవంక చూచుచు "అయితే వీటిని నేనే చంపానా?" అని యడిగెను. కనకాంబ కొంగు ముక్కునుండి తీసి "మీరు ప్రేమకొద్దీ పెట్టారు. అవి మర్యాదకొద్దీ తిన్నాయి. ఎవర్నని ఏవంటాం? ఆ బకెట్టు ఇలా తెండి" అనెను.

ఆయన కొలనునంతయు తోడబోగా ఆమె వారించెను. ఒక్కమారు నీరు మార్చినచో ఆ దెబ్బకే మిగిలినవియు పోవునని చెప్పి, పూటకు కొంచెము తీసి కొంచెము పోయించి, కల్లుప్పు కరగించి కలిపి, మోటారు గొట్టమున చిక్కిన మెతుకులను పుల్లతో తీసి, రాలుటాకులు పడకుండ పైన వల కట్టించెను. రెండవ మాసికపు పిండముతో గోడకడ నిలిచినపుడు, కాపాడెదనన్న మాటను మరల పలుకుటకు కూర్మనాథమునకు నోరు రాలేదు. కాకియు రాలేదు. పిండము గెడ్డకు పోయెను.

మాఘమంతయు ఆయన ప్రతి యుదయమును మాణిక్యాంబ నిలిచిన రాతిమీదనే నిలిచి నీటిలోనికి చూచుచుండెను. పేరంటాలి మొప్ప కదలినచో ఊపిరి విడుచును. కదలనిచో తన యూపిరిని బిగబట్టును. వలపై సాలీడు అల్లిన గూడు మంచు ముత్యములతో మెఱసినపుడు ఇదియేనా ఆమె చూపదలచినదని తోచును. అంతలో ఆనాడు వల యెక్కడిదని జ్ఞప్తికి వచ్చును. నీటియందు కొండకొమ్ము తలక్రిందులై కనబడినపుడు ఇదియేమో యనుకొనును. అది యేడాది పొడుగునను కనబడునదేకదా యని మరల సందేహించును. తాను వేచియున్నది చేప లేచుటకో భార్య మాట తెలియుటకో ఆయనకే స్పష్టము గాకుండెను.

శివరాత్రికి చలి శివశివా యని పోవునందురు. అప్పటికి పేరంటాలు నిటారుగా నిలిచి మెల్లగా కొలను చుట్టివచ్చెను. మఱునాడు కనకాంబ పంపిన మేతను చిటికెడు తీసి కూర్మనాథము చల్లెను. అది తిన్నది. ఆ యేడు తానును పట్టిన శివరాత్రి ఉపవాసమును విడుచుట ఆయన మధ్యాహ్నమునకు గాని జ్ఞప్తికి తెచ్చుకొనలేదు.

ఫాల్గుణ మాసికమునాటికి పనసచెట్టు పిందె తొడిగెను. మంచుతెర లేచిపోయి కొండలు పాదములతో సహా కానవచ్చెను. కూర్మనాథము గోడపై పిండముంచి ఏమని చెప్పవలయునో తోచక "నాకు తెలియలేదు" అని మాత్రమే యనెను. అంతలో మాసికమునకు వచ్చిన కనకాంబ వెనుక కొలను గట్టునుండి పిలిచెను.

"బావగారూ, ఒక్కసారి ఇటు రండి. చూద్దురుగాని."

ఆయన పిండము నచ్చటనే విడిచి తడిపంచెతో పరుగెత్తెను. కొలనిపై తేలు గుర్రపుడెక్క వేళ్ళనడుమ కనురెప్ప వెండ్రుకలంతటి చేపపిల్లలు నల్లనల్లగా మినుకుమినుకుమని కదలాడుచుండెను.

"అక్క చూపిద్దామనుకున్నది ఇవే అయ్యుంటాయి" అని కనకాంబ కన్నులు తుడుచుకొనెను.

కూర్మనాథము వంగి చాలసేపు చూచెను. "కాదు కనకం. ఇవి ఈ నెలలో పుట్టినవి. ఆవిడ పిలిచింది కార్తికంలో."

"ఒక్కసారికి ఔనంటే మీ వ్యాకరణం ఏం చెడిపోతుంది?"

ఆయన పెదవులపై నవ్వువంటిది పొడసూపి మాయమయ్యెను. ఇరువురును వెనుదిరిగి చూడగా గోడపై అరటియాకు ఖాళీగా గాలికి ఊగుచుండెను.

"కాకి ముట్టింది. అక్కకి తీరింది బావగారూ" అని కనకాంబ చేతులు జోడించెను.

"నేను చూడలేదు" అని ఆయన యనెను.

పనసకొమ్మపై కాకి యొకటి ముక్కు తుడుచుకొనుచుండెను. గోడవెంట ఉడుత యొకటి పోవుచుండెను. కొలనిలో పేరంటాలు మీదికి వచ్చి నోరు తెఱచెను. కూర్మనాథము గట్టురాతిపై కూర్చుండి మేత చల్లెను. ఆ కార్తికోదయమున మాణిక్యాంబ చూడ రమ్మన్నదానిని ఆయన ఇంకను చూడలేదు.