తుమ్ముకు రాలిన బాంబులు

సైన్యం మరీ తొందరగా గెలిస్తే ఎంత తంటానో 1944 సెప్టెంబరులో ఫ్రాన్సులో ఉన్న జనరళ్ళకు బాగా తెలిసొచ్చింది. ట్యాంకులు పరుగెత్తి పరుగెత్తి పెట్రోలు లారీలను ఎక్కడో వెనక వదిలేశాయి. దాంతో ఇంగ్లాండులో ఉన్న అమెరికా బాంబర్లకు కొత్త కొలువు దొరికింది. బాంబులు వేలాడే చోట పెట్రోలు డబ్బాలు పేర్చుకుని సైన్యం వెంట పడాలి.

డెల్బర్ట్ స్వెన్సన్‌కు తల కొట్టేసినట్టయింది. అతని పని గురిచూసి బాంబులు వెయ్యడం. డబ్బాలకు గురెందుకు? అయినా అవి దొర్లకుండా చూస్తానని విమానం ఎక్కాడు.

అతని పరువంతా జూన్‌లో ఒక్కరోజు సంపాదన. జర్మన్ల విమానాశ్రయం మీదికి వెళ్ళిన దళానికి ఆ రోజు ముందు నడిచింది ఇతని విమానమే. ముందువాడు బాంబులు వదిలితే వెనకవాళ్ళంతా వదలడం పద్ధతి. పొగ కమ్మి ఫోటోలు రాలేదు. "రన్‌వేని దోసకాయ చీల్చినట్టు చీల్చాను" అన్నాడు డెల్బర్ట్. నమ్మి పతకం ఇచ్చారు. అప్పటినుంచి భోజనాల దగ్గర ఆ దోసకాయ వడ్డించని రోజు లేదు.

సగం దారిలో రేడియోలో కబురొచ్చింది. దిగాల్సిన చోటు దాటి సైన్యం ఇంకా ముందుకు పోయిందట, మరో విమానాశ్రయానికి రమ్మన్నారు. పేరు వినగానే డెల్బర్ట్ పట్టుకున్న డబ్బా వదిలేశాడు. అది ఆ దోసకాయే.

కింద ట్యాంకుల దగ్గరున్న సార్జెంట్ ఓడెల్ రేడియోలో అందుకున్నాడు. "మేం నిన్ననే వచ్చాం. జర్మన్లు గోతుల్ని మట్టితో కప్పేసి పోయారేమో తెలీదు, వానకి అంతా ఒకేలా ఉంది. బాంబులేసింది మీవాళ్ళేగా, మీకే తెలియాలి. కాస్త తొందరగా చెప్పండి, ఇక్కడ చుక్క పెట్రోలు లేదు."

కప్పిన గోతిలో చక్రం దిగబడితే విమానం ముక్కు మీద పడుతుంది. లోపలున్నదేమో పెట్రోలు.

కెప్టెన్ ప్రూయిట్ విమానాన్ని చుట్టూ తిప్పుతూ అడిగాడు. "ఏరా డెల్, నడిమధ్యనే చీల్చానన్నావుగా?"

డెల్బర్ట్ కదలని డబ్బాను సర్దడం మొదలెట్టాడు.

"సరే, వెనక్కి తిప్పేస్తున్నా. చేతులారా తవ్వుకున్న గోతిలో మనమే పడటం దేనికి?"

కింద ట్యాంకుల మీదెక్కి సైనికులు చొక్కాలు ఊపుతున్నారు. ముందుకు పోలేరు, ఉన్నచోట ఉంటే శత్రువు తిరిగొస్తాడు. డెల్బర్ట్ వాళ్ళను చూశాడు.

"కెప్టెన్, ఆ రోజు నాకు తుమ్మొచ్చింది."

"ఏమొచ్చింది?"

"తుమ్ము. వేలు మీట మీదుంది. ముందే నొక్కేశాను. అన్నీ పొలాల్లో పడ్డాయి."

"మరి వెనక విమానాలు?"

"అవీ నా తుమ్ముకే వదిలాయి."

"ఒట్టేనా?" అన్నాడు కెప్టెన్.

"మా అమ్మ మీద ఒట్టు. రన్‌వే మీద గీత కూడా పడలేదు."

తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్ళుంటుంది? విమానం కిందికి వంగింది. గురి తప్పకూడదని ఇన్నాళ్ళూ మొక్కినవాడు, తప్పి ఉండాలని మొక్కడం అదే మొదలు. చక్రాలు నేలను తాకాయి. చివరిదాకా నున్నగా దొర్లి ఆగాయి.

ఓడెల్ పరుగెత్తుకొచ్చి డబ్బాలు దింపించుకుంటూ, పక్కనున్న బీట్‌రూట్ పొలం చూపించాడు. పొలం నిండా గోతులే. ఒక్కో గోతిలో బాతులు ఈదుతున్నాయి.

"ఈ రన్‌వే వదిలేసి అక్కడ వేసిన మహానుభావుడెవరో గానీ, వాడి కడుపు చల్లగా ఉండాలి. రన్‌వే పోయుంటే మా పని అయిపోయేది" అన్నాడు.

తోటివాళ్ళందరూ ఆకాశంకేసి చూశారు. డెల్బర్ట్ చెవులు ఎర్రబడ్డాయి.

"నేనే" అన్నాడు. జూన్ తర్వాత ఆ బాంబుల గురించి అతని నోట వచ్చిన రెండో నిజం అది.

ఓడెల్ అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇంతలో పెట్రోలు వాసన ఘాటెక్కి డెల్బర్ట్ ముఖం ముడుచుకుంది, నోరు తెరుచుకుంది.

"పడుకోండ్రా" అన్నాడు కెప్టెన్ ప్రూయిట్.

తుమ్ము పూర్తయ్యేసరికి ఆ రన్‌వే మీద నిలబడి ఉన్నది డెల్బర్ట్ ఒక్కడే.